జరగని సంగీతోత్సవం

చరిత్రంటే పాత రాజులే కానక్కర్లేదు. ఇది 2017 నాటి మాట. బహామాస్ దేశంలోని గ్రేట్ ఎక్సూమా దీవిలో ఏప్రిల్ 28న 'ఫైర్ ఫెస్టివల్' అని అమెరికా వ్యాపారి బిల్లీ మెక్‌ఫార్లాండ్, ర్యాప్ గాయకుడు జా రూల్ ప్రకటించారు. పేరున్న మోడళ్లతో వీడియో తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో వదిలారు. బంగళాల్లో బస, గొప్ప వంటవాళ్ల భోజనం అన్నారు. కొందరు వేల డాలర్లు పోసి టికెట్లు కొన్నారు. తీరా వెళ్తే తుఫాను బాధితులకు వేసే గుడారాలు, వానకు తడిసిన పరుపులు, డబ్బాలో రెండు బ్రెడ్డు ముక్కలూ చీజూ! పేరున్న గాయకులెవరూ పాడలేదు. మా తెక్కలకోటలో చిన్న జాతరకైనా ముందు నీళ్లు, నీడ చూసుకుంటారు. మైకు సంగతి తర్వాత.

2018లో న్యూయార్క్ కోర్టు మెక్‌ఫార్లాండ్‌కు 6 ఏళ్ల జైలు వేసింది. టికెట్లు కొన్నవాళ్లను చూసి లోకం బాగా నవ్వింది. కానీ రాత్రింబగళ్లు కష్టపడ్డ దీవి కూలీలకు డబ్బులు అందలేదు. వాళ్లని ఎవరు తలచుకున్నారు? అక్కడ హోటలు నడిపే ఒకావిడ తాను దాచుకున్న సొమ్ము తీసి తన పనివాళ్లకు ఇచ్చింది. 2019లో నెట్‌ఫ్లిక్స్ డాక్యుమెంటరీలో ఆమె గోడు విన్నవాళ్లు చందాలు పోగుచేసి పంపారు.