గడప లేని చోటు

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండమ్మా. సంక్రాంతి నెలలో మన కర్లపాలెం గాలికి సముద్రపు చెమ్మ ఉంటుంది, చలి ఎముకల్లోకి దిగుతుంది. ఒరే నాయనా, ఆ సరుగుడు పుల్లలు ఇంకో నాలుగు వెయ్యి. తాటిమట్ట వద్దు. అది భగ్గున లేచి గబుక్కున ఆరిపోతుంది. సరుగుడు నిదానంగా కాలుతుంది, వేడి నిలుస్తుంది.

పొద్దున మన పెద్దపిల్ల నన్నొక మాట అడిగింది. "నాయనమ్మా, ఊళ్లో కథలు రాసేవాళ్లం, బొమ్మలు వేసేవాళ్లం పదిమందిమి ఉన్నాం, ఒక సంఘం పెట్టుకుందామనుకుంటున్నాం, నువ్వు అన్నేళ్లు ఎట్లా నడిపావో చెప్పవా" అని. అప్పుడు చేతిలో పని ఉండి చెప్పలేదు. ఇప్పుడు చెప్తా వినండి. నా గొప్ప చెప్పుకోవటానికి కాదు. ఈ దారి నేను వేసింది కాదు, నా ముందు నడిచినవాళ్లు వేసింది. ముందు వాళ్ల సంగతి తెలియాలి.

నా పుట్టిల్లు బాపట్ల అని మీకు తెలుసు గదా. భావనారాయణస్వామి గుడి ఉన్న ఆ ఊళ్లోనే కనుపర్తి వరలక్ష్మమ్మగారు 1896లో పుట్టారు. పుట్టింటివారు పాలడుగువారు. ఆ రోజుల పద్ధతి ప్రకారం చిన్నతనంలోనే పెళ్లయింది. తెలుగువాళ్లకు వేరే రాష్ట్రం కావాలని ప్రథమాంధ్ర మహాసభ బాపట్లలో జరిగింది 1913లో. అప్పటికి ఆమెకు పదహారో పదిహేడో. ఊరంతా దేశం గురించీ భాష గురించీ మాట్లాడుకుంటున్న కాలంలో పెరిగిన మనిషి ఆమె. 1919లో ఆంధ్రపత్రికలో ఆమె పేరు అచ్చులో కనపడింది. ఆ తర్వాత గాంధీగారి మాట విని ఖద్దరు కట్టారు, జీవితాంతం విడవలేదు.

ఆమె రాతల్లో మా అమ్మకు ప్రాణమైనవి రెండు. ఒకటి, లీలావతి అన్న పేరుతో రాసిన "మా చెట్టు నీడ ముచ్చట్లు". రెండోది "శారద లేఖలు". మద్రాసులో కేసరిగారు ఉండేవారు, ఆడవాళ్ల మందు లోధ్ర తయారుచేసిన డాక్టరుగారు. ఆయన 1928లో గృహలక్ష్మి పత్రిక పెట్టారు. అందులో శారద అనే ఆమె కల్పలత అనే స్నేహితురాలికి ఉత్తరాలు రాస్తున్నట్టుగా వరలక్ష్మమ్మగారు ఏళ్ల తరబడి రాశారు. చిన్నపిల్లల పెళ్లిళ్లు ఆపే శారదా చట్టం మొదలుకొని ఖద్దరు దాకా అన్నీ ఆ ఉత్తరాల్లోకి వచ్చేవి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఆమె ఉత్తరమే ఎందుకు ఎంచుకుంది? ఆ కాలంలో ఆడపిల్ల కాగితం కలం ముందేసుకుంటే ఇంట్లో అడిగేవాళ్లు, ఎవరికి రాస్తున్నావని. పుట్టింటికి ఉత్తరం అంటే ఒప్పుకునేవాళ్లు. ఆడదానికి చేతనైందీ, ఇంట్లో ఒప్పుకున్నదీ ఆ ఒక్క రాతే. ఆ రాతలోనే దేశమంత సంగతి పెట్టి పంపింది ఆమె. చదివిన ప్రతి ఇల్లాలూ అది తనకే వచ్చిన ఉత్తరమనుకుంది. మా అమ్మ శనక్కాయలు ఒలుస్తూ ఆ పాత సంచికలు నాచేత పైకి చదివించేది. నాకు చదవటం బడి కంటే ఆ శారదే ఎక్కువ నేర్పింది.

1931లో ఆమె బాపట్లలో స్త్రీ హితైషిణీ మండలి పెట్టారు. మా అమ్మకప్పుడు తొమ్మిదేళ్లు, మా అమ్మమ్మ కొంగు పట్టుకుని వెళ్లేదట. ఆడవాళ్లు గుడికి తప్ప ఇంకో చోటికి తమంతట తాము వెళ్లి కూర్చోవటం తాను చూడటం అదే మొదలని ముసలితనంలో కూడా చెప్పేది. పెళ్లికీ పేరంటానికీ కాకుండా, మాట్లాడుకోవటానికే వెళ్లటం! 1934లో గృహలక్ష్మి స్వర్ణకంకణం మొట్టమొదట వరలక్ష్మమ్మగారికే ఇచ్చారు. బంగారు కడియం బాపట్ల ఆడపడుచు చేతికి వచ్చిందని ఊరు ఊరంతా మురిసిపోయిందని అమ్మ చెప్పేది.

అంతకు ముందూ ఉన్నారు. ఇక్కణ్ణుంచి రేపల్లె మీదుగా పెనుమూడి దగ్గర కృష్ణ దాటి పోతే బందరు. అక్కడ భండారు అచ్చమాంబగారు, ఓరుగంటి సుందరీ రత్నమాంబగారు కలిసి 1902లో బృందావన స్త్రీ సమాజం పెట్టారు. అచ్చమాంబగారు కొమర్రాజు లక్ష్మణరావుగారి అక్క. బడికి పోకుండానే చదువు పట్టి, దేశంలోని గొప్ప స్త్రీల చరిత్రలు వెతికి వెతికి "అబలా సచ్చరిత్ర రత్నమాల" రాసింది. ముప్పయ్యేళ్లకే, 1905లో పోయింది. ఇటు గుంటూరులో ఉన్నవ లక్ష్మీబాయమ్మగారి శారదానికేతనం 1922లో లేచింది. అంటే ఈ కృష్ణకు ఆ గట్టునా ఈ గట్టునా మన ముత్తవ్వలు వందేళ్ల నాడే ఈ పని మొదలుపెట్టారు. మనం కొత్తగా కనిపెట్టేదేమీ లేదు, కొనసాగించేదే ఉంది.

సరే, మా సంగతికొస్తా. నేను ఈ ఊరికి కోడలిగా వచ్చింది 1966లో. మూడేళ్లు పోయాక మొదలుపెట్టాం, ఐదుగురం. సంఘానికి పేరు పెట్టుకోలేదు. మధ్యాహ్నం గిన్నెలు కడిగి, పిల్లలు బడి నుంచి వచ్చేలోగా ఉండే రెండు గంటలే మావి. పదిహేను రోజులకొకసారి, గురువారం. చేతులు ఖాళీగా ఉండకూడదని ఒక నియమం. ఇసక నేలల్లో వేరుశనగ పండే ఊరు గదా మనది. విత్తనాలకు కాయలు ఒలిచే పని ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. ఎవరి చేట వాళ్లు తెచ్చుకునేవాళ్లు. ఒకరు చదువుతుంటే మిగతావాళ్లు ఒలిచేవాళ్లు. ఇంటికెళ్లేటప్పటికి చేటలో గింజలుంటే "ఇంతసేపూ ఏం చేశావు" అని అడిగే నోరు ఉండదు. చందా పావలా. లేనివాళ్లు సోలెడు కాయలు ఇచ్చేవాళ్లు. ఆ డబ్బుతో ఏం చేసేవాళ్లమంటే, కాగితాలు, కవర్లు, తిరుగుటపా స్టాంపులు కొనేవాళ్లం. కథ తిరిగొస్తే బాధ ఉండేది, కానీ స్టాంపు అంటించి పంపిన ఆడది ఆ రోజు నుంచి ఇంకో మనిషి. ఆంధ్రప్రభలో మాలతీ చందూర్‌గారి ప్రమదావనానికి జాబు రాయటంతో కలం పట్టినవాళ్లు మాలో ముగ్గురున్నారు.

మొదట మా ఇంట్లోనే కూర్చునేవాళ్లం. రెండో నెలలోనే ఒక సంగతి కళ్లారా చూశాను. పాటలు కట్టి పాడే ఇద్దరు నాట్లు వేసే ఆడవాళ్లను నేనే పిలిచాను. వచ్చారు. వచ్చి గడప బయటే నిలబడ్డారు. లోపలికి రమ్మంటే రాలేదు. మా అత్తగారి ముఖం చూసి నాకూ గట్టిగా పిలవటానికి నోరు రాలేదు. ఆ రోజు పాట లోపలికి రాలేదు, మేం బయటికి పోలేదు. రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు. మరుసటి గురువారానికి చాపలు తీసుకుని చెరువు గట్టున వేపచెట్టు కిందికి మారాం. చెట్టుకు గడప ఉండదు తల్లీ. అందరం ఒకే మట్టి మీద కూర్చున్నాం. వరలక్ష్మమ్మగారు తన ముచ్చట్లకు చెట్టు నీడ అని ఎందుకు పేరు పెట్టారో ఏమో గాని, ఆ పేరు విలువ నాకు ఆ రోజు తెలిసింది. ఆమె ఆ మాటలోనే మాకు చోటు చూపించింది.

ఇక పుస్తకం సంగతి. హాజరు పుస్తకం ఒకటి పెట్టాం, రెండు వందల పేజీల రూళ్ల నోటుబుక్కు. మొదటి రోజు పేర్లు చూస్తే నాకు గుండె కలుక్కుమంది. "ఫలానాయన భార్య", "ఫలానావారి రెండో కోడలు", "ఫలానా అబ్బాయి అమ్మ". తన పేరు రాసుకున్నది ఒక్కతే. అప్పుడు రెండో నియమం పెట్టుకున్నాం. ఎవరైనా సరే, తన పేరు తన చేత్తో రాయాలి. చదివిన కథ కిందా, పాడిన పాట కిందా, వేసిన ముగ్గు కిందా పేరుండాలి.

ముగ్గు అంటే గుర్తొచ్చింది. ఒకామెకు అక్షరం ముక్క రాదు. కానీ ఇరవై ఒక్క చుక్కల మెలికల ముగ్గు చెయ్యి ఎత్తకుండా వేసేది. ఒక్క చుక్క తప్పిపోదు, గీత ఎక్కడ మొదలైందో అక్కడికే వచ్చి కలిసేది. ఆమె ముగ్గులు ఒక పిల్ల నోటుబుక్కులోకి ఎక్కించింది. కింద పేరు రాయమంటే చెయ్యి వెనక్కి తీసుకుంది. అప్పుడు ఆ పిల్లే ఉపాయం పన్నింది. ఆమె పేరులో అక్షరాలను చుక్కలుగా పెట్టి "అత్తా, ఈ చుక్కలు కలుపు" అంది. మన అక్షరాలు గుండ్రటివి గదా, ముగ్గు వేసిన చేతికి అవి కొత్తవి కావు. ఒక్కో చుక్క చుట్టి వచ్చింది. మూడు వారాలకు చుక్కలు లేకుండానే రాసింది. రాసి, తన పేరు మీద వేలు పెట్టి చాలాసేపు అట్లాగే చూసుకుంది. యాభై ఏళ్లు పిలిపించుకున్న పేరు, కంటితో చూడటం అదే మొదలు. మా చెట్టు కింద జరిగిన పనులన్నిట్లోకీ పెద్ద పని ఏదని ఎవరైనా అడిగితే నేను దీన్నే చెప్తా.

అడ్డంకులు రాలేదా అంటే వచ్చాయి. ఒక పెద్దమనిషి మా ఇళ్లకొచ్చి, ఆడవాళ్లు గట్టున చేరి ఊరి మీద మాటలు పెంచుతున్నారని చెప్పాడు. ఇద్దరు రావటం మానేశారు. మేం జగడానికి పోలేదు. ఆ మరుసటి నెల అట్లతద్దికి మేం పోగేసిన ఉయ్యాల పాటలు ఊళ్లోవాళ్లందరి ముందు పాడాం. ఏ పాట ఎవరు కట్టిందో పేరు చెప్పి మరీ పాడాం. మానేసిన ఇద్దర్లో ఒకామె తిరిగొచ్చింది. రెండో ఆమె రాలేదు. ఆ లోటు నాకిప్పటికీ ఉంది.

1977 నవంబరు 19, శనివారం. దివిసీమ ఉప్పెన అంటారే, ఆ గాలివాన మన పక్కనా విరుచుకుపడింది. ఆ రాత్రి సంగతి పిల్లల ముందు వివరంగా చెప్పను. తెల్లారేసరికి మా చెట్టు వేళ్లతో సహా పడి ఉంది. ఇంటి పెంకులెగిరిపోయి, ట్రంకుపెట్టెలో పెట్టిన మా పుస్తకాల్లోకి నీళ్లు చేరాయి. మనుషులకు అన్నం నీళ్లు చూసుకున్నాక, నాలుగో రోజున పెట్టె తెరిచాను. సిరాతో రాసిన పేజీలన్నీ నీలం మడుగు. ఒక్క అక్షరం మిగల్లేదు. కానీ పెన్సిలుతో రాసినవి చెక్కుచెదరలేదు. కలం కొనలేనివాళ్లు పెన్సిలుతో రాసేవాళ్లు, వాళ్ల పాటలే మిగిలాయి. కొంచెం ఉన్నవాళ్లం సిరాతో రాసుకున్న కథలు పోయాయి. ఇట్లాంటి మంట దగ్గరే కూర్చుని ఒక్కో కాగితం ఆరబెట్టాం. ముగ్గుల పుస్తకం ఆరిందాకా ఆ ముగ్గులు వేసినామె మంట దగ్గర్నుంచి లేవలేదు. ఆ రోజు నుంచి మా పుస్తకంలో అందరం పెన్సిలుతోనే రాశాం.

మరుసటి ఏడు ఆగస్టులో వరలక్ష్మమ్మగారు పోయారన్న వార్త వచ్చింది. చెట్టు లేదు గనక దాని మొద్దు చుట్టూ కూర్చున్నాం. దీపం పెట్టి శారద లేఖల్లో ఒకటి చదువుకున్నాం. చదివింది ఎవరనుకున్నారు? మొదట్లో గడప బయట నిలబడ్డవాళ్లలో ఒకామె కూతురు. పదో తరగతి చదువుతోంది అప్పటికి.

అట్లా 1993 దాకా నడిచింది. తర్వాత ఆగిపోయింది. ఎందుకంటే చాలా కారణాలు చెప్పొచ్చు. ఆడపిల్లలు పెళ్లిళ్లై వెళ్లారు, ఇంటింటికీ టీవీ వచ్చింది, పెద్దవాళ్లు పోయారు. అవన్నీ నిజమే గాని అసలు కారణం నేను. ఇరవై నాలుగేళ్లు పుస్తకం నా దగ్గరే పెట్టుకున్నాను. పిలవటం నేనే, చందా రాయటం నేనే. ఇంకొకళ్ల చేతికిస్తే సరిగ్గా చూడరేమోనని భయపడ్డాను. ఆ ఏడు నాకు ఆపరేషనై ఆరు నెలలు మంచాన పడేసరికి పిలిచేవాళ్లు లేక అందరూ ఎవరి ఇళ్లల్లో వాళ్లు ఉండిపోయారు. పది చేతులు మోయాల్సింది రెండు చేతులతో మోశాను. అది తప్పని ఇప్పుడు ఒప్పుకుంటున్నా, మీరు చెయ్యకుండా ఉండాలని.

కాబట్టి పెద్దపిల్లా, నువ్వడిగిన దానికి నా జవాబు ఇది. అందరూ వచ్చి కూర్చోగలిగిన చోట కూర్చోండి. గొప్ప హాలు దొరికిందని సంబరపడొద్దు, దాని గడప దగ్గర ఎవరు ఆగిపోతున్నారో చూడండి. ఒకళ్లు చదువుతుంటే మిగతావాళ్లు వినండి, తప్పులు తర్వాత చెప్పొచ్చు. బొమ్మ వేసేదాన్నీ, ముగ్గు వేసేదాన్నీ, పాట కట్టేదాన్నీ కథ రాసేదాని పక్కనే కూర్చోబెట్టండి. పుస్తకం ఏడాదికొకరి చేతికి మార్చండి. ఎవరు చేసింది వాళ్ల పేరుతో నిలవాలి.

మిగతా పిల్లలకీ ఒక మాట. మీ అమ్మమ్మల అటకల మీద పాటల పుస్తకాలు, ముగ్గుల పుస్తకాలు ఉంటాయి. చాలావాటి మీద పేర్లుండవు. పాత కాగితాలని తూకానికి వెయ్యకండి. అవి ఎవరివో చెప్పగలిగినవాళ్లు ఉండగానే అడిగి, మొదటి పేజీలో ఆ పేరు రాయండి. పెన్సిలుతో రాయండి.