బెంగుళూరు సెంట్రల్ కళాశాల చెప్పు పాఠము

దేవాలయము పాతబడిన కొలది దాని మహిమ పెరుగునని నమ్ము మనము, పాఠశాల పాతబడినచో కూలద్రోయుటయే మేలని తలచుచుందుము. ఈ భేదమునకు కారణము కానరాదు. అక్షరము నేర్పిన చోటును పుణ్యస్థలమే గదా!

బెంగుళూరు నగరమధ్యమున నున్న సెంట్రల్ కళాశాల చరిత్రము ఈ విషయమున గమనింపదగినది. 1858లో బెంగుళూరు హైస్కూలుగా వెలసిన ఈ సంస్థకు 1875లో సెంట్రల్ కళాశాల యను పేరు కలిగినది. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు 1881లో ఇచ్చటనే బి.ఏ. పట్టము నందిరి. వారి పూర్వులు గిద్దలూరు ప్రాంతపు మోక్షగుండమునుండి మైసూరు సీమకు వలసవచ్చిన తెలుగువారు. వారు దివానుగా నున్న కాలమున, 1916లో, మైసూరు విశ్వవిద్యాలయము స్థాపింపబడగా, తాము చదివిన కళాశాల దాని యంగమైనది. శిష్యుడు గురుఋణము తీర్చుకొనుట యన నిదియే.

1964లో బెంగుళూరు విశ్వవిద్యాలయ మేర్పడినప్పుడు ఈ కళాశాల అందు చేరినది. తరువాత ఆ విశ్వవిద్యాలయము జ్ఞానభారతికి తరలినది. 2017లో దానిని విభజించినప్పుడు ఈ ఆవరణమే నూతన విశ్వవిద్యాలయమునకు నెలవైనది. పేర్లు మారినవి, అధికారులు మారిరి. గడియారపు గోపురము మాత్రము నిలిచినది. చెన్నపురిలో 1850నాటి పచ్చయప్ప మందిరమును, కళాశాల 1940లో చేత్‌పట్టునకు తరలిపోయినను, నేటికిని నిలిచియున్నది.

వాడుక లేని యిల్లు త్వరగా శిథిలమగునని మన పెద్దలెరుగుదురు. పాత బడుల గోడలు సున్నముతో కట్టినవి. అవి తేమను పీల్చి మరల వెలుపలికి విడుచును. అట్టి గోడకు సిమెంటు పూసినచో తేమ లోపలనే నిలిచి ఇటుక పొడియగును. మిద్దెమీది రావిమొక్కను మొలకగా నున్నప్పుడే పెరికివేయుట, వర్షమునకు ముందే తూములు శుభ్రపరచుట, సున్నపు గోడకు సున్నమే పూయుట - ఇవి స్వల్పవ్యయముతో నగు పనులు. వీనిని ఉపేక్షించి, పిదప భవనము ప్రమాదకరమని పడగొట్టుట న్యాయము కాదు.

ఇది పరుల గోడు కాదు. రాష్ట్రాంతరములందు మన పూర్వులు చందాలెత్తి కట్టిన తెలుగు బడులలో పిల్లలు పలుచనగుచున్నారు. అంగడివీధి స్థలమునకు వెల పెరిగినది. కాన, గదులు ఖాళీ కాగానే అమ్మకపు మాట పుట్టును. అట్లు పుట్టకముందే దానపత్రము తీసి, దాత ఏ నిమిత్తమై యిచ్చెనో చదువవలెను. గదులలో గ్రంథాలయమో, సంగీత పాఠశాలయో, ఆదివారపు తెలుగు తరగతియో నెలకొల్పిన దాత సంకల్పమును నిలుచును, కప్పును నిలుచును.

గోడలకంటె ముందుగా బీరువాలోని ప్రవేశపు రిజిస్టరులను కాపాడవలెనని మా విన్నపము. ఏ యింటి బిడ్డ ఏ యేట చేరెనో, తండ్రి చేసిన వృత్తి యేదో వానియందు వ్రాసియుండును. మన వలసలకు ఇంతకు మించిన సాక్ష్యము మరి దొరకదు. భవనము కూలిన నాడు ఆ కాగితములు చిత్తుకాగితముల వానికి పోవును. అవి పోయినచో, మనమీ యూర ఎన్ని తరములవారమో మన మనుమలకు చెప్పుటకు ఆధారముండదు.