కఱ్ఱగోడకు విడిచిన సందు

వానకాలమున తలుపులు ఉబ్బి బిగియుట మీరెఱుగుదురు. అమెరికాలో కఱ్ఱయిండ్ల గోడలకును ఈ చిక్కే వచ్చినది. ఆ చరిత్రము నేడు విన్నవించెదను.

పూర్వమచ్చట కఱ్ఱచట్రముపై సన్నని బల్లలు వరుసగా కొట్టెడివారు. నడుమ అతుకులు పెక్కులు గాన ఉబ్బు వానిలోనే అణగెడిది. 1905లో పోర్ట్‌లాండు నగర ప్రదర్శనమున ఫర్ మ్రాని ప్లైవుడ్డును జనులు చూచిరి. 1934లో నీటికి ఊడని జిగురు కనిపెట్టిన పిదప, నాలుగడుగుల వెడల్పును ఎనిమిదడుగుల పొడవును గల పలకలు గోడలకెక్కెను. పని వేగమాయెను, అతుకులు తగ్గెను. కాని అంచులానించి మేకులు దిగగొట్టిన పలకలు తేమకు పెరిగి, చోటులేక, నిలువుకఱ్ఱల నడుమ ఉబ్బెత్తుగా వంగును.

అందుచేతనే పలకకును పలకకును నడుమ అంగుళములో ఎనిమిదవ వంతు సందు విడుతురు. వడ్రంగులు మేకునే కొలతగా నిలుపుదురు. వెనుకటి బల్లలు తమంత ఇచ్చిన చోటును ఇప్పుడు మనుష్యుడు తలచి విడువవలసివచ్చినది. ఆ సందు పనివాని అశ్రద్ధ కాదు, గోడకు ఆయువని నా మనవి.