పులుపుకు తోడు: చుక్కకూర, రూబార్బ్

ఆర్మూర్ పేరు చెప్పగానే పసుపు గుర్తొస్తుంది. ఆ పసుపు పడే పప్పుల్లో చుక్కకూర పప్పుది పెద్ద పీట. చుక్కకూరకు చలి దేశాల్లో ఓ దగ్గరి చుట్టం ఉంది. అదే రూబార్బ్. రెండూ ఒకే వృక్ష కుటుంబానివి, రెండింటిలోనూ ఆక్సాలిక్ ఆమ్లం ఉంటుంది. చుక్కకూరలో ఆకు తింటాం. రూబార్బ్‌లో కాడే తినాలి, ఆకు విషం.

రూబార్బ్ మొదట మందు. చైనాలో దాని వేరును వేల ఏళ్లుగా విరేచనం అయ్యేందుకు వాడారు. మన యునానీ వైద్యంలోని రేవల్చిన్ని కూడా ఆ జాతి మొక్కల వేరుతో చేసిందే. 18వ శతాబ్దంలో రష్యా ప్రభుత్వం ఈ వేరు వ్యాపారాన్ని తన గుప్పిట్లో పెట్టుకుంది. వంట సంగతికొస్తే, ఇరాన్‌లో కాడను పుదీనా, మాంసంతో కలిపి కూర వండుతారు. బ్రిటన్‌లో కాడ వాడకం పెరిగింది 18వ శతాబ్దం చివర నుంచే. కరీబియన్ తోటల్లో బానిసల చెమటతో తయారైన చక్కెర అప్పటికి బ్రిటన్‌లో చౌకయింది. అందుకే ఆ దేశంలో రూబార్బ్‌కు చక్కెర, అల్లం, నారింజ, కస్టర్డ్ జత కుదిరాయి. యార్క్‌షైర్‌లో చీకటి కొట్టాల్లో పెంచి, కొవ్వొత్తుల వెలుగులో కోసే లేత కాడలకు 2010లో ఐరోపా సమాఖ్య రక్షిత గుర్తింపు ఇచ్చింది.

మన చుక్కకూర చక్కెర కోసం ఆగలేదు, పప్పుతో జత కట్టింది. 16వ శతాబ్దంలో పోర్చుగీసుల వెంట మిరప వచ్చేదాకా కారం మిరియాలదే. మిరప వచ్చాక పులుపూ కారమూ విడదీయరానివయ్యాయి. కందిపప్పు పసుపుతో మెత్తగా ఉడికాకే చుక్కకూర వేయాలి. ముందే వేస్తే ఆ పులుపుకు పప్పు బిగుసుకుంటుంది. వేడి తగలగానే ఆకు పచ్చదనం పోయి, ఇట్టే కరిగిపోతుంది. పసుపు రంగు మాత్రం పులుపుకు చెదరదు, సున్నం తగిలితేనే ఎర్రబారుతుంది. పైన ఎల్లిపాయ, ఎండుమిర్చి, జీలకర్ర పోపు పడాలి.

ఇంగ్లండ్, అమెరికాల్లో స్థిరపడిన తెలుగువాళ్లు కొందరు వసంతంలో వచ్చే రూబార్బ్ కాడలతో పప్పు, పచ్చడి చేస్తున్నారు. సన్నగా తరిగి నూనెలో మగ్గిస్తే కాడ నిమిషాల్లో గుజ్జవుతుంది. వేయించిన ఎండుమిర్చి, మెంతులు, ఎల్లిపాయతో నూరితే, పుంటికూర పచ్చడి మరిగిన నాలుకకు అది పరాయిగా తోచదు.

రూబార్బ్‌ను తీపి వంటలకే పరిమితం చేయడం చక్కెర చౌకయిన కాలపు అలవాటు. దాని పులుపును పులుపుగానే నిలబెట్టేది కందిపప్పు, పసుపు, కారం. రూబార్బ్ దొరికే ఊళ్లో ఉన్న తెలుగువాళ్లు ముందు దాన్ని పప్పులో వేసి చూడాలి.