పాట వెనుక చప్పుళ్లు: చరిత్రకు ఒక ఆధారం



రాత్రి వీధి సద్దుమణిగాక ఒక పాత పాటను మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. గాయకుడు పల్లవి అందుకోబోయే ముందు పీల్చిన ఊపిరి వినిపిస్తుంది. వాద్యాలు ఆగిన చోట ఎవరో కదిలినందుకు కుర్చీ కిర్రుమన్న చప్పుడు, కాగితం తిరగేసిన చప్పుడు, ఎక్కడో దూరాన ఒక హారన్ మోత కూడా వినిపించవచ్చు. బస్సులోనో, హోటల్లోనో అదే పాటను ఎన్నిసార్లు విన్నా ఇవి మీ చెవిన పడి ఉండవు. చుట్టూ ఉన్న రొద వీటిని కప్పేస్తుంది. నిశ్శబ్దమైన గదిలో, నాణ్యమైన హై-ఫై పరికరం మీద విన్నప్పుడే ఇవి బయటపడతాయి. వీటిని ఎవరూ పాడలేదు, ఎవరూ వాయించలేదు, ముద్రించాలని ఎవరూ అనుకోలేదు. అయినా అవి ముద్రణలో ఉండిపోయాయి.

ఇవి కేవలం లోపాలేనా? లేక చరిత్రకు ఆధారాలు కూడానా? ఈ పాఠంలో మనం పరిశీలించబోయే ప్రశ్న ఇదే.

తెలియకుండా చెప్పిన సాక్ష్యం

ఫ్రెంచి చరిత్రకారుడు మార్క్ బ్లోక్ రెండో ప్రపంచ యుద్ధ కాలంలో చరిత్ర రచన గురించి ఒక పుస్తకం రాశాడు. 1944లో నాజీలు ఆయనను కాల్చి చంపారు. అసంపూర్తిగా మిగిలిన ఆ పుస్తకం 1949లో వెలువడింది. అందులో ఆయన ఆధారాలను రెండు రకాలుగా చూశాడు. మొదటివి, పదిమందికీ తెలియాలని కావాలని వదిలినవి. రెండోవి, ఆ ఉద్దేశం లేకుండానే మిగిలిపోయినవి. శాసనం వేయించిన రాజు తన గురించి లోకం ఏమనుకోవాలని కోరుకున్నాడో దాన్నే చెక్కిస్తాడు. అదే కాలంలో ఎవరో విరిగిందని పారేసిన కుండపెంకు ఎవరినీ మెప్పించాలని చూడదు. అందుకే పురావస్తు శాస్త్రజ్ఞుడు దానికి అంత విలువ ఇస్తాడు.

ధ్వనిముద్రణలో కూడా ఈ రెండూ ఉంటాయి. పాట శాసనం వంటిది. పాట వెనుక చప్పుడు కుండపెంకు వంటిది.

కొమ్ము నుంచి మైకు వరకు

థామస్ ఎడిసన్ 1877లో ఫోనోగ్రాఫ్‌ను కనిపెట్టాడు. పదేళ్ల తర్వాత ఎమిల్ బెర్లినర్ గ్రామఫోన్‌కు పేటెంటు పొందాడు. 1902లో గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గౌహర్ జాన్ పాటలు ముద్రించాడు. పాట చివర ఆమె తన పేరు తానే ఇంగ్లీషులో చెప్పుకోవడం ఆ రికార్డుల్లో వినిపిస్తుంది. అచ్చులు జర్మనీలోని హానోవర్‌కు వెళ్లేవి. అక్కడ రికార్డులు తయారుచేసేవారికి ఏ పాట ఎవరిదో తెలియాలి కదా! ఆ మాటలు ఆమె కావాలనే చెప్పినవి. అయినా మన రికార్డులు ఒకప్పుడు సముద్రాలు దాటి అచ్చయి వచ్చేవన్న సంగతిని నేడు మనకు గుర్తుచేసేవి అవే.

ఆనాడు మైకు లేదు. గాయకులు ఒక పెద్ద కొమ్ములోకి గట్టిగా పాడాలి. ఆ ధ్వని బలంతోనే ముల్లు కదిలి మైనం మీద గాడి గీయాలి. అందువల్ల దగ్గరగా, బిగ్గరగా పలికిందే ముద్రితమయ్యేది. గదిలోని చిన్న చప్పుళ్లకు ముల్లును కదిలించే శక్తి లేదు. 1925లో విద్యుత్ మైకుతో ముద్రణ వాణిజ్య స్థాయిలో మొదలయ్యాక పరిస్థితి మారింది. మైకుకు ఇష్టాయిష్టాలు లేవు. పాటతోపాటు గదిని, గది బయటి వీధిని కూడా అది వింటుంది.

ఈ ఇబ్బందిని మన దేశపు తొలి టాకీ నిర్మాతలు బాగా ఎరుగుదురు. 1931లో విడుదలైన ఆలం ఆరాను అర్దేషిర్ ఇరానీ బొంబాయిలో నిర్మించాడు. ఆయన స్టూడియో రైలు పట్టాల పక్కనే ఉండేది. రైళ్ల రొద పడకుండా ఉండేందుకు అర్ధరాత్రి దాటాక, రైళ్లు ఆగిన వేళలో చాలా భాగం చిత్రీకరించారు. ఇరానీ సంస్థలోనే పనిచేసిన హెచ్.ఎం. రెడ్డి మరుసటి ఏడాది తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాదకు దర్శకత్వం వహించారు. ఆలం ఆరా ప్రతి ఒక్కటి కూడా నేడు దొరకడం లేదు. అందులోని పాటలూ పోయాయి, అంత కష్టపడ్డాక కూడా వాటి వెనుక ఏమైనా చప్పుడు మిగిలిందా అన్నది తెలుసుకునే దారీ పోయింది.

పిట్ట పాటలో యుద్ధ విమానాలు

1942 మే 19 రాత్రి ఇంగ్లండులోని సర్రే ప్రాంతంలో ఒక తోటలో నైటింగేల్ పిట్టల కూతను ప్రత్యక్షంగా ప్రసారం చేయడానికి బి.బి.సి. సిద్ధమైంది. 1924 నుంచి ఏటా జరుగుతున్న కార్యక్రమమే అది. అంతలో పిట్ట కూత వెనుక దూరం నుంచి విమానాల మోత మొదలైంది. జర్మనీలోని మాన్‌హైమ్ నగరం మీద బాంబులు వేయడానికి బ్రిటిష్ విమానాలు బయలుదేరాయి. ఈ మోత రేడియోలో వెళితే శత్రువుకు ముందే హెచ్చరిక అందుతుందని సాంకేతిక సిబ్బంది గ్రహించి ప్రసారం ఆపారు. ముద్రణ మాత్రం ఆపలేదు. ఆ రాత్రి మాన్‌హైమ్ దాడికి వెళ్లిన 197 విమానాల్లో 11 తిరిగి రాలేదు. ఆ రికార్డు ఈనాటికీ ఉంది. విమానాల మోత పెరిగి, నెత్తిమీదుగా సాగి, తగ్గిపోతుంది. పిట్ట మాత్రం కూస్తూనే ఉంటుంది.

ఇటువంటిదే అవతలి పక్షం నుంచి కూడా ఉంది. యుద్ధం చివరి దశలో, 1944-45 ప్రాంతంలో, బెర్లిన్ రేడియో వారు వాల్టర్ గీసెకింగ్ పియానో వాయించగా బీథోవెన్ అయిదో పియానో కన్సర్టోను టేపు మీద స్టీరియోలో ముద్రించారు. పియానో మెల్లగా పలికే చోట్ల, దూరంగా విమాన విధ్వంసక ఫిరంగుల దెబ్బలు వినిపిస్తాయి. సంగీతం ఎక్కడా తడబడదు. ఆ నగరంలో ఆ రోజుల్లో జీవితం ఎలా ఉండేదో వందల పేజీల నివేదికలు చెబుతాయి. కానీ బాంబుల భయం మధ్య కూడా మనుషులు వాద్యాల ముందు కూర్చుని పని కొనసాగించారన్న సంగతిని ఆ కొద్ది క్షణాలు మన చెవికే వినిపిస్తాయి.

మనిషి, గది, యంత్రం

అన్ని చప్పుళ్లూ ఒకే చోటు నుంచి రావు. కొన్ని మనిషివి. కెనడా పియానో విద్వాంసుడు గ్లెన్ గౌల్డ్ 1955లో న్యూయార్క్‌లో బాఖ్ స్వరపరచిన గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్ ముద్రించాడు. వాయిస్తూ కూనిరాగం తీయడం ఆయన అలవాటు. తండ్రి సిద్ధం చేసి ఇచ్చిన పాత కుర్చీని ఆయన జీవితాంతం వదల్లేదు. ఆ కూనిరాగమూ, ఆ కుర్చీ కిర్రుమనడమూ ఆయన రికార్డుల్లో వినిపిస్తాయి.

కొన్ని గదివి. లండన్‌లోని కింగ్స్‌వే హాలులో 1984 వరకు ఎన్నో గొప్ప వాద్యబృందాల ముద్రణలు జరిగాయి. ఆ హాలు కింద భూగర్భ రైలు నడిచేది. రైలు మోత చాలా మంద్రమైన ధ్వని. చిన్న స్పీకర్లు దాన్ని పలికించలేవు. పెద్ద స్పీకర్లు ఇంటికి వచ్చాకే చాలామంది శ్రోతలకు తాము ఏళ్లుగా వింటున్న రికార్డులో ఒక రైలు ఉందని తెలిసింది.

కొన్ని యంత్రానివి. ఎల్.పి. రికార్డు మీద పాట మొదలవడానికి కాస్త ముందే అదే పాట అతి సన్నగా వినిపించడం మీరు గమనించి ఉండవచ్చు. అది దయ్యం కాదు! రికార్డు నిమిషానికి 33⅓ సార్లు తిరుగుతుంది. అంటే ఒక చుట్టుకు 1.8 సెకన్లు పడుతుంది. గాడి చెక్కేటప్పుడు పక్క గాడి గోడ కూడా కాస్త వంగుతుంది. అందువల్ల రాబోయే ధ్వని ఒక చుట్టు ముందే లీలగా పలుకుతుంది. చుట్టి దాచిన టేపులో కూడా ఒక పొరలోని అయస్కాంత ముద్ర పక్క పొరకు అంటుకుని ఇలాంటి ఫలితమే ఇస్తుంది.

టేపుకు సహజమైన సుయ్‌మనే రొదను తగ్గించే ఉపాయంలో మన దేశానికీ ఒక చోటు ఉంది. రే డాల్బీ 1963 నుంచి 1965 వరకు యునెస్కో సలహాదారుగా చండీగఢ్‌లో పనిచేశాడు. ఆ ఆలోచన ఆయనకు ఇక్కడ ఉన్నప్పుడే తట్టింది. ముద్రించేటప్పుడు మెత్తని ధ్వనులను పెంచి, వినిపించేటప్పుడు అంతే తగ్గిస్తే వాటితోపాటు టేపు రొద కూడా తగ్గుతుంది. 1965లో ఆయన లండన్‌లో తన సంస్థను స్థాపించాడు. రొద తగ్గేకొద్దీ దాని కింద దాగిన చిన్న చప్పుళ్లు బయటికి రావడం మొదలైంది. 1982లో వచ్చిన కాంపాక్ట్ డిస్కుతో ఇది మరీ స్పష్టమైంది. పాత టేపుల్లోని లోపాలు ఇందులో వినిపించవచ్చని కొన్ని డిస్కుల మీద ముందే ముద్రించి అమ్మేవారు.

ఆధారాన్ని పరీక్షించడం ఎలా?

చప్పుడు వినిపించగానే దానికి కథ అల్లకూడదు. చరిత్రకారుడిలా కొన్ని ప్రశ్నలు వేయాలి. అది నా గదిలోనిదా? పాట ఆపి చూడండి, ఫ్యాను కావచ్చు. ఈ ఒక్క ప్రతిలోనే ఉందా? అదే రికార్డు మరో ప్రతిలో లేకపోతే అది గీత వల్ల వచ్చింది. చుట్టుకోసారి క్రమం తప్పకుండా వస్తోందా? అయితే అది రికార్డు మీది లోపం. అన్ని ప్రతుల్లో, అన్ని కాలాల ముద్రణల్లో అదే చోట ఉంటేనే అది ఆనాటి గదిలో పుట్టిందని భావించవచ్చు. ఆ తర్వాత అది ఏమిటన్నది పత్రాలతో, తేదీలతో సరిచూడాలి.

అతి మామూలు చప్పుడు కూడా ఇలా సాక్ష్యం చెబుతుంది. మన దేశంలో విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులతో ప్రవహిస్తుంది. కరెంటు పరికరాల దగ్గర చేసిన ముద్రణల్లో ఆ గుయ్‌మనే మోత తరచుగా చేరుతుంది. ఆ 50 ఎప్పుడూ సరిగ్గా 50 కాదు, క్షణక్షణం కొద్దిగా మారుతుంది. ఆ మార్పుల పట్టిక ముందే దాచి ఉంటే, ఒక ముద్రణ ఏ సమయంలో జరిగిందో పోల్చి చెప్పవచ్చు. కొన్ని దేశాల్లో నేర పరిశోధకులు ఈ పద్ధతిని వాడుతున్నారు.

శుభ్రం చేయడమా, చెరిపేయడమా?

నేడు కంప్యూటరు ఒక్క నొక్కుతో పాత ముద్రణలోని రొదనంతా తీసేయగలదు. వినడానికి హాయిగా ఉంటుంది, కాదనలేం. కానీ ఆ యంత్రానికి గీత చప్పుడు ఏదో, ఫిరంగి మోత ఏదో తెలియదు. గాయని ఊపిరికీ టేపు రొదకూ తేడాను ప్రతిసారీ గుర్తించలేదు. శిల మీద మట్టి తుడుస్తూ అక్షరాలనే తుడిచేసినట్టు అవుతుంది. అందుకే భద్రపరిచే నిపుణులు పాటించే నియమం ఒకటుంది: మూలాన్ని ఉన్నది ఉన్నట్టుగా ముందు నకలు తీయాలి, శుభ్రం చేసేది ఏదైనా ఇంకో నకలు మీదనే చేయాలి.

ఈ నియమం మీ ఇంటికీ వర్తిస్తుంది. 1980లు, 90లలో ఎందరో టేప్ రికార్డరు పెట్టి అమ్మమ్మ పాడిన మంగళహారతినో, తాతయ్య చదివిన పద్యాన్నో ముద్రించుకున్నారు. ఆ క్యాసెట్లు ఏటా పాడవుతున్నాయి. మీ బీరువాలో అలాంటిది ఉంటే ఈ సెలవుల్లో బయటికి తీసి జాగ్రత్తగా వినండి. పాట వెనుక కుక్కరు కూత వినిపించవచ్చు, పెరటిలో గిలక చప్పుడు వినిపించవచ్చు, ఇప్పుడు లేని ఒక మనిషి ఎవరినో పేరు పెట్టి పిలవవచ్చు. విన్నదంతా నిమిషాలు, సెకన్లతో సహా ఒక కాగితం మీద రాయండి. ఏ చప్పుడు ఏమిటో, ఆ గొంతు ఎవరిదో ఇంట్లో పెద్దలను అడిగి పక్కన రాసుకోండి. అది చెప్పగలిగినవారు ఉన్నప్పుడే అడగాలి.