గూఢచారి చిత్రములు: దర్శకుల తారతమ్యము

ఒకే పద్యమును పదుగురు బాలురచేత చదివించిన ఉపాధ్యాయునకు తెలియు విషయ మొకటి కలదు. అక్షరములు మాఱవు, గణములు మాఱవు, యతిస్థానము కదలదు. అయినను ఒకడు చదివినప్పుడు పద్యమునకు ప్రాణము వచ్చును. వేఱొకడు చదివినప్పుడు తరగతి యంతయు నిద్రించును. ముప్పది యేండ్లకు పైగా ఈ పని చేసినవాడను గనుక, ఇంగ్లండు దేశపు చలనచిత్రముల చరిత్రను గూర్చి చెప్పబూనియు ఈ మాటతోనే మొదలిడుచున్నాను.

జేమ్సు బాండు అను కల్పిత గూఢచారి పేరు మీ యిండ్లలోని యువకు లెఱుగుదురు. ఇయాన్ ఫ్లెమింగు అను ఆంగ్ల రచయిత 1953లో ‘కసీనో రాయల్’ అను నవలయందు ఇతనిని సృజించెను. 1962లో తొలి చిత్రము వెలువడెను. 2021 నాటికి ఈ వరుసలో 25 చిత్రములు వచ్చినవి. వానికి 12 మంది దర్శకులు పనిచేసిరి. వేగువాడైన నాయకుడు, అతని పై యధికారి, వింత సాధనముల నిచ్చు పనివాడు, లోకమును మ్రింగజూచు ప్రతినాయకుడు, ఇవి యన్నియు ముందే కట్టుబడిన ఛందస్సు. అల్బర్టు బ్రాకొలీ, హారీ సాల్ట్జ్‌మన్ అను నిర్మాతలు మొదట దానికి కావలివారుగా నుండిరి. దర్శకుడన నెవ్వడు? నాటకమునకు సూత్రధారు డెట్టివాడో చిత్రమునకు దర్శకు డట్టివాడు. నటు డెచ్చట నిలువవలెను, కెమేరా ఎచ్చటనుండి చూడవలెను, ఏ మాట ఎంత మెల్లగా పలుకవలెను అని నిర్ణయించునది యతడే. ఛందస్సు పరుల సొత్తైనప్పుడు ఇతనికి మిగులు చోటు మిక్కిలి యిఱుకు. ఆ యిఱుకు చోటున ఎవ్వ రేమి చేసిరో చూతము.

తొలివాడు టెరెన్సు యంగు. 1915లో షాంఘై నగరమున పుట్టి, కేంబ్రిడ్జిలో చదివి, రెండవ ప్రపంచ యుద్ధమున పోరాడినవాడు. మేలైన వస్త్రము, మేలైన భోజనము, మెత్తని మాట ఆయనకు సహజములు. నాయక పాత్రకు దొఱకిన షాను కానరీయో, ఎడింబరో నగరమున ఇంటింటికి పాలు పోసిన పేదయింటి బిడ్డ. యంగు అతనిని తన దర్జీయొద్దకు కొనిపోయి బట్టలు కుట్టించి, నడచుట, కూర్చుండుట, విందులలో మెలగుట నేర్పెను. కాబట్టి తెఱపై కనబడు బాండు సగము ఫ్లెమింగు వ్రాసినవాడు. తక్కిన సగము యంగు తన నీడగా తీర్చిన శిష్యుడు. 1963లో రెండవ చిత్రము తీయుచుండగా ఈయన యెక్కిన హెలికాప్టరు స్కాట్లండున నీటిలో కూలినది. ప్రాణములతో బయటపడి, ఆనాడే మరల పనిలో నిలిచెను. అట్టి తెగువ గలవాడు నాయకునకు తెగువ నేర్పుటలో వింత లేదు.

గై హామిల్టను 1964లో ‘గోల్డ్‌ఫింగర్’ తీసెను. ఈయన తెచ్చినది హాస్యము. శత్రువును కుర్చీతో సహా పైకి విసరివైచు మోటారుకారు ఈ చిత్రములోనిదే. జనులు విరగబడి చూచిరి. తరువాతివా రందఱు ఆ కారు వెంటనే పరుగెత్తిరి. లూయిసు గిల్బర్టు మూడు చిత్రములు తీసెను. ఆయనకు ప్రమాణమే ప్రధానము. 1967 నాటి చిత్రమునకై పైన్‌వుడ్ స్టూడియోలో కట్టిన అగ్నిపర్వతపు గుహ యొక్కదానికే సుమారు పది లక్షల డాలర్లు వ్యయ మయ్యెను. తొలి చిత్రము మొత్తమున కైన వ్యయము దాదాపు అంతయే! కన్నులు చెదరును గాని హృదయము కదలదని నా యభిప్రాయము.

ఇక నేను ముఖ్యముగా చెప్పదలచిన వ్యక్తి పీటరు హంటు. ఇతడు మొదట కూర్పరి. అనగా చిత్రించిన ముక్కలను కత్తిరించి, వరుస దీర్చి, అతికించువాడు. తొలి చిత్రములకు ఆ వేగము, ఆ పదును ఇతని కత్తెర పెట్టిన భిక్ష. రెండవ చిత్రమున రైలుపెట్టెలో జరుగు ద్వంద్వయుద్ధమును చూచినవారికి ఈ మాట వివరింప నక్కఱలేదు. కత్తెర పట్టినవానికి కీర్తి యుండదు. పేరెల్ల దర్శకునకే పోవును. 1969లో హంటునకు ఒక్క చిత్రము లభించెను: ‘ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్’. కానరీ తొలగిపోగా, ప్రకటనల బొమ్మలకు నిలుచుటయే గాని నటన మెఱుగని జార్జి లేజెన్బీ అను ఆస్ట్రేలియావాడు నాయకు డయ్యెను. హంటు వింత సాధనములను దాదాపుగా విడిచి నవలనే నమ్ముకొనెను. స్విట్జర్లండు మంచుకొండలపై, ఒక కెమేరావాడు కాలికి స్కీలు తగిలించుకొని వెనుకకు జారుచు దృశ్యములను పట్టెను. కాని ఘనమైన విషయ మిది కాదు. ఈ చిత్రమున నాయకుడు మనసార ప్రేమించి వివాహ మాడును. ఆ పెండ్లినాడే, దారిలో, కారులో, భార్య శత్రువుల తుపాకికి బలి యగును. అతడామెను ఒడిలో నుంచుకొని యుండగా చిత్రము ముగియును. ఉల్లాసముతో ముగియు వరుసలో కరుణరసముతో ముగించుటకు సాహసించిన తొలివాడు హంటు.

ఫలిత మేమి? వసూలు మునుపటి చిత్రముకంటె తగ్గెను. లేజెన్బీ తొలగెను. 1971లో కానరీని మరల పిలిచి, హామిల్టనుచేత చిత్రము తీయించిరి. అందు నాయకుడు ఆ భార్య పేరైన తలపడు. హంటున కీ వరుసలో మఱియొక చిత్రము దర్శించు భాగ్యము కలుగలేదు. నాకు కోపము వచ్చునది యిక్కడనే. వసూలు తగ్గినదని లోభముతో పోగొట్టుకొనిన మంచి పని యిది.

అయినను పూర్తిగా పోలేదు. హంటు చిత్రమునకు కూర్పరిగా పనిచేసిన జాను గ్లెను 1981 మొదలు 1989 వఱకు వరుసగా ఐదు చిత్రములకు దర్శకు డయ్యెను. ఇన్ని తీసినవాడు మఱియొకడు లేడు. అతని తొలి చిత్రము ఎట్లారంభమగునో చూడుడు: బాండు పాత్రధారి రోజరు మూరు శ్మశానవాటికకు పోయి భార్య సమాధిపై పూవులుంచును. పండ్రెండేండ్ల తరువాత గురుదక్షిణ! ఈ గ్లెనే మన ఉదయపూరునకు వచ్చి, 1983లో వెలువడిన ‘ఆక్టోపసీ’ తీసెను. మదరాసు టెన్నిసు వీరుడు విజయ్ అమృతరాజు, నటుడు కబీర్ బేదీ అందు కలరు. సరస్సు నడిమి సౌధము అందముగా తీసిరి. కాని పాములవాడు, నిప్పుల నడక, మేకుల పాన్పు ఒక్కవీధిలోనే గుమిగూడుట చూచి నాకు నవ్వు వచ్చెను. పరదేశి కన్నులకు మన వీధి అట్లే కనబడును కాబోలు.

1989 తరువాత వ్యాజ్యముల మూలమున ఆఱేండ్లు చిత్రము లేదు. ఇంతలో సోవియట్ రాజ్యము అంతరించెను. వేగువాని కింక పని యేమని పలువురు ప్రశ్నించిరి. న్యూజిలాండువాడైన మార్టిన్ క్యాంబెల్ 1995లో ‘గోల్డెన్ఐ’ తీసి, ఆ ప్రశ్ననే కథలోనికి తెచ్చెను. స్త్రీ యైన పై యధికారి నాయకుని ముఖముననే నీవు గడచిన కాలపువాడవని చెప్పును. 2006లో ఈయనయే ‘కసీనో రాయల్’ తీసి, డేనియల్ క్రెయిగును క్రొత్త నాయకునిగా నిలిపెను. ఇందు బాండు నెత్తురు కార్చును, మోసపోవును, ప్రేమించిన స్త్రీని పోగొట్టుకొనును. హంటు వేసిన విత్తు ఇక్కడ మొలకెత్తినది. చచ్చిన వరుసను రెండుమారులు బ్రతికించిన ఘనత క్యాంబెలుకే దక్కును. ఈ రెంటి నడుమ మూడు చిత్రములు, పిదప ఒకటి, నలుగురు దర్శకులు తీసిరి. వానియందు నిలుచునది తక్కువ గనుక విడుచుచున్నాను.

నాటకశాలనుండి వచ్చిన శామ్ మెండిస్ 2012లో తీసిన ‘స్కైఫాల్’ నూఱుకోట్ల డాలర్లకు మించి ఆర్జించెను. షాంఘై దీపముల వెలుగున నీడలుగా మాత్రమే కనబడు పోరాటము కన్నులకు విందు. కాని 2015 నాటి రెండవ చిత్రమున ప్రతినాయకుని బాండు బాల్యమునకు ముడివెట్టి తోబుట్టువువంటివానిగా చేయుట పులికి మీసము తగిలించినట్లున్నది.

2021 నాటి ఇరువదియైదవ చిత్రము అమెరికావాడైన కేరీ ఫుకునాగా తీసినది. ఇందు నాయకుడే మరణించును. చిత్రము ముగిసి పేరులు వచ్చునప్పుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగు గొంతున ఒక పాట వినవచ్చును. అది 1969లో హంటు చిత్రమునకై పాడిన పాటయే. హంటు దానిని వినలేదు, 2002లోనే గతించెను.