వేసవియందు తల్లుల సంసారము
(బందరు, గుడివాడ, దివిసీమల చరిత్రనుండి)

కృష్ణానది విజయవాడ దాటి పల్లమునకు దిగిన పిదప పులిగడ్డకడ రెండు పాయలై చీలును. ఆ పాయల నడుమ సముద్రమునకు ఎదురుగా నిలిచిన నేలయే దివిసీమ. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు, హంసలదీవి అందలి ఊళ్లు. దానికి ఈశాన్యమున బందరు. బందరునకు వాయవ్యమున గుడివాడ. ఈ మూడు తావుల చరిత్రలో ఓడలకును కోటలకును కొరత లేదు. 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు బందరున వర్తకమునకు దిగిరి. ఇచ్చటి కలంకారీ వస్త్రములు పారసీకమునకును ఐరోపాకును పోయినవి. ఆ సంగతులన్నియు గ్రంథస్థములైనవి. అదే కాలమున, అదే ఊళ్లలో, ఒక తల్లి చైత్రము మొదలు జ్యేష్ఠము వరకు తన పసిబిడ్డలను ఎట్లు కాపాడుకొనెనో ఏ కంపెనీ లెక్కపుస్తకమునను లేదు. నేను నేడు మనవి చేయబోవునది ఆ సంగతి. పెద్దలైన మీకు ఇందు చాలవరకు తెలిసియే యుండును. తెలిసినదానిని వరుసగా పేర్చి, దాని వెనుకనున్న కారణములను చూపుటయే నా పని.

ఈ సీమలో వేసవి సంసారమంతయు రెండు ప్రశ్నలమీద నడచినది. ఇంటికి నీరెక్కడినుండి రావలెను? వచ్చిన నీరు బిడ్డ త్రాగదగినదేనా? అన్నము, నిద్ర, వ్యాధి, పండుగ - అన్నియు ఈ ప్రశ్నలకు లోబడినవే.

నది తెచ్చిన ఒండ్రు పేరుకొనగా సముద్రము వెనుకకు జరిగి ఏర్పడిన నేల మనది. అందుచే తీరమునకు చేరువ ఊళ్లలో నూయి త్రవ్వినచో ఉప్పునీరు పడుట పరిపాటి. అయితే ఇసుకమేటలలో ఇంకిన వాననీరు, ఉప్పునీటికంటె తేలికయగుటచే దానిమీద పలుచని పొరగా తేలియుండును. ఈ సంగతి మన స్త్రీలకు శాస్త్రము చదువకయే తెలియును. అందుకే వారు చెలమను లోతుగా త్రవ్వరు. కొద్దిలోతున ఊరిన నీటిని ముంతతో మెల్లగా తోడి కడవ నింపుకొందురు. తొందరపడి అడుగు కలచినచో ఉప్పు తగులును. ఒక కడవ నిండుటకు ఎంతసేపైనను పట్టవచ్చును. చంకలో బిడ్డ, ఎదుట కడవ, వెనుక తమ వంతుకై నిలిచిన ఇరుగుపొరుగు.

ఆనకట్టకు పూర్వము ఈ సీమ బ్రదుకు వానమీదనే యుండెడిది. 1832-33లో, నందన నామ సంవత్సరమున, వానలు తప్పి గుంటూరు సీమయందు ఘోరమైన కరువు వచ్చినది. ఆనాటి అంచనాల ప్రకారము 5 లక్షల జనమున్న ఆ జిల్లాలో 2 లక్షలవరకు మరణించిరి. దానినే జనులు నందన కరువనియు, డొక్కల కరువనియు చెప్పుకొనిరి. ఆ బాధ బందరు సీమకును తగిలినది. ఇట్టి కరువులలో మొదట క్షీణించువారు పసివారును, పాలిచ్చు తల్లులును. తల్లికి కూడు లేనిది బిడ్డకు పాలెట్లు వచ్చును?

ఈ కష్టములు కన్నమీదటనే ఆనకట్టల ఆలోచన బలపడినది. సర్ ఆర్థరు కాటను ప్రోత్సాహమున, కెప్టెన్ ఛార్లెసు ఓర్ పర్యవేక్షణలో, బెజవాడకడ 1852లో ప్రారంభమై 1855లో ఆనకట్ట పూర్తియైనది. కాలువలు బందరువరకు పారినవి; వానివెంట పడవలు నడచినవి. తరువాతి కాలమున పులిగడ్డకడ నదిమీదుగా కట్టిన జలవాహికవలన దివిసీమకును కాలువనీరు చేరినది. పంటలు పండినవి, ఇండ్లలో గాదెలు నిండినవి.

అయినను వేసవి కష్టము అంతటితో తీరలేదు. ఆనకట్ట నీటిని నిలువచేయునది గాదు. నదీమట్టమును ఎత్తి నీటిని కాలువలలోనికి మరల్చునది మాత్రమే. నది చిక్కిన దినములలో కాలువలును చిక్కును. మరమ్మతులకును పూడికతీతకును వేసవిలోనే కాలువలు కట్టివేయవలెను. కావున "కాలువ కట్టెదరట" యను మాట ఊర వినబడగానే మంచినీటి చెరువును నింపుకొనెడివారు. కాలువ మరల వదలువరకు ఊరంతకును ఆ చెరువే ఆధారము. మగవారికి అది పంచాయతి విషయము. తల్లికి అది లెక్క. ఇంట నలుగురు పిల్లలు, ఇద్దరు ముసలివారు, చూలుతో పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డ - ఎన్ని కడవలు? చెరువున ఎన్ని మెట్లు బయటపడినవి? ఈ లెక్క ఆమె కాగితముమీద వేయలేదు. కాని ఒక్కనాడును తప్పలేదు.

ఆమె దినచర్యను కొంచెము చూతము. కోడికూతకు ముందే నీళ్లకు ప్రయాణము. ఎండ యెక్కకముందు రెండు మూడు బిందెలు ఇంటికి చేరవలెను. చెరువు అడుగుపట్టినకొలది నీరు బురదయగును. అప్పుడు ఇండుపగింజను గాని పటికను గాని వాడి, మడ్డి అడుగునకు దిగిన పిదప పైనీటిని గుడ్డతో వడకట్టి క్రొత్తకుండలో పోయును. ఆ కుండ ఇసుకమీద నుండును. కుండ చెమర్చి గాలి తగిలినకొలది నీరు చల్లబడును.

పిల్లలు లేవగానే చద్దియన్నము. అనేక గృహములలో తరవాణి కుండ యుండెడిది. మిగిలిన అన్నమును, గంజిని, నీటిని కలిపి పులియనిచ్చి, పై తేటను ఉప్పువేసి పిల్లలకు పోయుదురు. అన్నమును ఉల్లిపాయతోనో ఊరగాయతోనో పెట్టుదురు. పాడి యున్నయింట పలుచని మజ్జిగ. శ్రీరామనవమినాటి పానకము, వడపప్పు సైతము వేసవి కనువైన ఆహారములే. చెమటతో శరీరమునుండి పోయిన నీటిని, ఉప్పును తిరిగి యిచ్చుటయే వీని గుణము.

చైత్ర వైశాఖములలో మామిడికాయ వచ్చును. ఆవకాయ, మాగాయ, వడియములు, అప్పడములు - సంవత్సరమునకు కావలసిన దంతయు ఈ రెండు మాసములలోనే సిద్ధము కావలెను. ఏ యెండ బిడ్డకు శత్రువో ఆ యెండయే జాడీకి మిత్రము. కాకులను తోలుటకు పిల్లలను అరుగుమీద కూర్చుండబెట్టి, వారికి చేతిలో ఒక కొమ్మయు, నోటిలో ఒక మామిడిముక్కయు ఇచ్చి తల్లి తన పని సాగించుకొనును.

మధ్యాహ్నము తలుపులు మూసి, మట్టినేలపై నీళ్లు చిలికి, తాటాకు విసనకర్రతో విసరుచు పిల్లలను పండబెట్టవలెను. నిద్రపోనివారికి గచ్చకాయలు, వామనగుంటలు, అష్టాచెమ్మ. తాటిముంజలు తిన్నపిదప ఆ కాయలే వారికి బండిచక్రములు. కూలిచేసికొను తల్లులకు ఈ మధ్యాహ్నపు నీడయు దక్కెడిది గాదు. కాలువ పూడిక తీయుచోట చెట్టుకొమ్మకు చీరతో ఉయ్యాలకట్టి, గంపకును గంపకును నడుమ బిడ్డకు పాలిచ్చి, మరల గంప నెత్తికొన్నవారు వారు. తాటాకు కప్పుల వాడలలో మరియొక భయము నిప్పు. ఎండవేళ గాలి లేచినచో పొయ్యిలోని రవ్వ ఒకటి చాలును. వరుసగా వాడయంతయు కాలిపోవును. అందుకే తల్లులు ప్రొద్దెక్కకముందే వంట ముగించి పొయ్యి ఆర్పెడివారు.

ఇచట చెప్పక విడువరాని మాట యొకటి కలదు. చెరువు ఊరందరిదని మనమందుము. కాని అందరు తల్లులును దానిలో కడవ ముంచుటకు మన ఆచారము ఒప్పుకొనలేదు. మాలపల్లె, మాదిగపల్లె స్త్రీలు గట్టున నిలిచి, ఎవరైన దయతో పోసినప్పుడే నీరు పట్టుకొనవలసి యుండెడిది. రోహిణికార్తె యెండలో వారి బిడ్డల దాహము మన బిడ్డల దాహమువంటిదే గదా! అస్పృశ్యతను 1950 జనవరి 26నుండి అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము 17వ అధికరణమున రద్దుచేసినది. అయినను 1985 జూలైలో, ఆనాడు ప్రకాశం జిల్లాలోనిదైన కారంచేడున, దళితుల మంచినీటి చెరువును మలినపరచినందుకు అడ్డుచెప్పినచోటనే తగవు మొదలైనది. నీళ్లకు వచ్చిన ఒక స్త్రీ తన బిందెను అడ్డమెత్తినది. మరునాడు, జూలై 17న, జరిగిన దాడిలో ఆరుగురు దళితులు హతులైరి. చెరువుగట్టు చరిత్ర వ్రాయువారు దీనిని దాటిపోరాదు.

ఇక వ్యాధులు. వేసవి మశూచికమునకు అనువైన కాలము. తల్లులు దానిని అమ్మవారనిరి. ఇంట తాలింపు పెట్టక, బిడ్డను వేపాకులపై పరుండబెట్టి, చల్లని ఆహారమిచ్చి కనిపెట్టుకొని యుండిరి. అంతకుమించి చేయుటకు వారిచేత ఏమియు లేదు. ఇంగ్లండున జెన్నరు 1796లో కనుగొన్న టీకా 1802 జూన్‌లో బొంబాయి చేరినది. ఇండియాలో మొదట ఆ టీకా పొందినది మూడేండ్ల పసిపాప. మన దేశమున మశూచికము చివరిసారి కనబడినది 1975 మేలో. 1980లో ప్రపంచమంతట నశించినట్లు ప్రకటింపబడినది. నేటి యువతులకు ఆ భయము కథగా మిగిలినది. మీలో కొందరికి అది ఇంకను జ్ఞాపకము.

రెండవది కలరా. లండనున 1854లో జాన్ స్నో యను వైద్యుడు ఒక బోరింగునీటికిని కలరాకును గల సంబంధమును చూపెను. సరిగా ఆ దినములలోనే మన బెజవాడ ఆనకట్ట కట్టబడుచుండెను. 1884లో జర్మను శాస్త్రజ్ఞుడు కోఖ్ కలకత్తా చెరువునీటిలో ఆ క్రిమిని చూచెను. తేటగానున్న నీరెల్ల మంచినీరు గాదని దీనితో తేలినది. ఇండుపగింజ మడ్డిని దింపును గాని క్రిమిని చంపదు. ఎంత శ్రద్ధగల తల్లియైనను కంటికి కానరానిదానితో పోరాడలేదు.

విరేచనములు పట్టుకొన్న బిడ్డకు "లంఖణము పరమౌషధ"మని నీరుకూడ ఆపిన ఇండ్లు పెక్కులు. గంజితేటలో ఉప్పువేసి చెంచాతో పోసిన ఇండ్లును కలవు. ఏది మేలో 1971లో స్పష్టమైనది. బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరమున, బంగావ్‌లో, డాక్టరు దిలీప్ మహలనబిస్ ఉప్పు, సోడా, గ్లూకోజు కలిపిన నీటిని కలరా రోగులకు త్రాగించెను. నూటికి 30 వరకునున్న మరణములు నూటికి 4 కంటె తక్కువకు దిగినవి. తరువాతి పరిశోధనలలో బియ్యపు గంజితో చేసిన అట్టి పానీయమును మంచిదేయని తేలినది. అనగా, గంజి పోసిన ముసలమ్మ చేయి సరియైన త్రోవలోనే నడచినదన్నమాట. నీరాపినవారి మాట కీడైనది. పూర్వాచారమంతయు గొప్పదనుటయు తగదు, మూఢమనుటయు తగదు. ఒక్కొక్కదానిని పరీక్షించి తీసికొనవలెను.

ఈ సీమకు మరియొక ప్రత్యేకమైన కష్టము ఉప్పెన. 1864 నవంబరు 1వ తేది రాత్రి బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30 వేలమంది మరణించిరి. 1977 నవంబరు 19న దివిసీమను తుడిచిన ఉప్పెనలో ప్రభుత్వపు లెక్కకే 10 వేలమందికి పైగా పోయిరి. ఇవి వేసవిలో వచ్చినవి గావు. కాని సముద్రము పొంగి వచ్చినచోట చెరువులు, నూతులు ఉప్పుబారును. ఇల్లు మరల లేచినను, కప్పు మరల వేసినను, రాబోవు వేసవికి బిడ్డ దాహము తీర్చు చెరువేదని తల్లి వెదకికొనవలసినదే.

ఇప్పటి సంగతి. 1957లో ప్రకాశం బారేజీ, 1967లో నాగార్జునసాగరు, 2015లో పట్టిసీమ ద్వారా గోదావరినీరు - ఇవన్నియు డెల్టాకు బలమిచ్చినవి. కుళాయిలు వచ్చినవి, టీకాలు వచ్చినవి, కొనితెచ్చుకొను నీళ్లడబ్బాలు పల్లెలకును వచ్చినవి. అయినను వేసవిలో కాలువలు కట్టుట మానలేదు. చెరువులు నింపుకొనుటయు మానలేదు. 2015 మేలో వీచిన వడగాడ్పులకు మన రాష్ట్రమున వేయిమందికి పైగా మరణించిరి. ఎండ తగ్గలేదు, దాని నెదుర్కొను ఓర్పును, నేర్పును మాత్రము మన యిండ్లలో కొంత తగ్గినట్లున్నవి.

కావున పెద్దలకు నాదొక మనవి. మీ గ్రామమున చెరువు ఎవరు త్రవ్వించిరో, కాలువ ఎప్పుడు వచ్చెనో మీకు తెలియును, దానిని చెప్పుచునేయుందురు. ఈ వేసవి సాయంకాలములలో మీ యింటి వృద్ధస్త్రీలను గూడ అడుగుడు. ఏ చెలమ తియ్యనిది? ఏ యేట చెరువెండినది? ఆ యేడు పిల్లలకు ఏమి పోసి బ్రదికించుకొంటిరి? ఎంతమందిని పోగొట్టుకొంటిరి? వారు చెప్పినదానిని మీ మనుమలచేత ఒక పుస్తకమున వ్రాయించుడు. తేది యున్న తేది, లేనిచో "ఉప్పెనకు ముందు, ఉప్పెనకు తరువాత" అని వ్రాసినను చాలును. మృగశిర చినుకు పడి కాలువ వదలిన దినమున ఊరంతయు సంతసించును. అంతవరకు ఊరిని నిలిపిన చేతుల సంగతియు మన చరిత్రలో చేరవలెను.

సెలవు.